కారే రంధ్రం

నాయనా, సాయంత్రం పాలు పిండే మిషను వేయొద్దు. ఆవులను చేత్తోనే పిండు. పాలు సొసైటీకి తీసుకుపోవద్దు, మన పాలు ఇక పోయించుకోరట.

మిషను వాల్వు కింది రంధ్రంలో నువ్వు కుక్కిన గుడ్డ తీసేసినాను. ఆ రంధ్రం కారడానికే పెట్టినారు. లోపల రబ్బరు అరిగితే, మిషను కడిగే మందునీళ్లు పాలలోకి పోకుండా ఆడనే కారిపోతాయి. అది మూసేసరికి నిన్న మన పాలలో కలిసినాయి. అవి సొసైటీలో అందరి పాలలో కలిసినాయని ఊరి పాలన్నీ పారబోసినారు.

“నీళ్లు కారతా ఉంటే సూస్తా ఎట్లుండేదిరా?” అన్నావు. రంధ్రం ఎందుకో నీకు చెప్పనిది నేనే. చదువుకున్నవాణ్ణీ నేనే.

చిత్తూరు డెయిరీ ఆఫీసుకు పోతున్నాను. తప్పు నాదనే చెబుతాను. వింటారనే ఆశ లేదు.

చిన్నబ్బ

కారే నీళ్లు ఆవులకు తాపొద్దు. నువ్వు చూస్తా ఉండలేవని కింద బకెట్టు పెట్టినాను.