గంట దూరం

హరీ, పాలు కాచి పెట్టాను. అత్తమ్మ బీపీ గోలీ టిఫిన్ తిన్నాకే ఇవ్వు, నిన్నటిలా మర్చిపోకు. నేను రైల్లో విజయవాడ వెళ్లి, అక్కడి నుంచి ఫ్లైట్‌లో కడప చేరతాను. ట్రైనింగ్ నాలుగు రోజులు.

పొద్దున అత్తమ్మ "కడప ఎంత దూరం బిడ్డా?" అని అడిగితే "గాలిమోటర్ల గంట" అన్నాను. "గంటనేనా! మన ములుగంత దూరమే గదా. పొద్దుగూకే వరకు ఇంటికొస్తవ్ తియ్" అంది. మనం దూరాన్ని ఎప్పుడూ బస్సు గంటల్లోనే చెప్పుకుంటాం, ఆమె తప్పేం లేదు. నాలుగు రోజులని చెప్పడానికి నాకే నోరు రాలేదు. నువ్వే మెల్లగా చెప్పు.

ఒకటి మాత్రం అంతుబట్టడం లేదు. మ్యాపులో సూటిగా కొలిస్తే విజయవాడ నుంచి కడప మూడు వందల చిల్లర కిలోమీటర్లు. విమానానికి అరగంట చాలదా? మిగతా అరగంట ఎక్కడ పోతుందో వాచీ చూసుకుంటూ కూర్చుంటాను. నువ్వూ ఆలోచించి పెట్టు.

సుకన్య

చార్జర్ కోసం ఇప్పుడే బ్యాగు తెరిచాను. అడుగున నాలుగు రోజులకు సరిపడా సర్వపిండి రొట్టెలు, నా దుప్పటి ఉన్నాయి. నేను పెట్టలేదు. నువ్వేం చెప్పక్కర్లేదు. సాయంత్రం అత్తమ్మ గేటు దగ్గర కూర్చుంటే మాత్రం కాసేపు పక్కన కూర్చో.