ఇంట్లో మూడు కత్తెరలుండగా

చెల్లీ,

నీ బాగోగులు తర్వాత అడుగుతాను. ముందు నా కడుపుమంట వెళ్లగక్కుకోనీ.

నా కూతురు రాసిన నవల నిన్ననే చదివాను. పద్నాలుగేళ్ల పిల్ల పెద్దదయ్యే కథ. ఆ పిల్ల ఏడుపొచ్చినప్పుడల్లా వీధి చివర పిన్ని ఇంటికి పరిగెడుతుంది. ఆ పిన్నివి నువ్వే. పేరు మార్చింది గానీ నీ వంకర పన్ను మార్చలేదు. మరి అమ్మ? నూట ఎనభై పేజీల్లోనూ బట్టలు కుడుతూనే ఉంది, ఒక్కసారైనా తలెత్తలేదు.

బళ్లో ఎవరో వెక్కిరించారని ఆ పిల్ల తన జడ తానే కత్తిరించుకుంటుంది. పిన్ని ఒక్క మాటా అడక్కుండా చివర్లు సమంగా కత్తిరించి, "మీ అమ్మకి నేనే కత్తిరించానని చెబుతాలే" అంటుంది. అక్కడ కాసేపు పుస్తకం మూసేశాను. అది కల్పన కాదని మనిద్దరికీ తెలుసు. పిల్ల జుట్టు పాడుచేశావని ఆ రోజు నిన్ను నలుగురిలో నానా మాటలూ అన్నాను. తల వంచుకుని పడ్డావే గానీ నోరు విప్పలేదు.

పొద్దస్తమానం కత్తెర పట్టుకునేదాన్ని నేను. నా ఇంట్లో మూడు కత్తెరలుండగా అది నీ గడప ఎక్కిందా!

నిన్ను క్షమాపణ అడగాలి, తెలుసు. అడుగుతాలే, ఈ కుళ్లు కాస్త తగ్గాక.

ఆదివారం అది వస్తోంది. "నవల ఎలా ఉందమ్మా?" అంటుంది. మిషను మీద గుడ్డ కప్పేసి దాని ఎదురుగా కూర్చుంటాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలీదు. నువ్వెలా కూర్చునేదానివో రాసి పంపు.

నీ అక్క