నాతో చెప్పని జబ్బు

ఫిబ్రవరి 9

నన్ను అందరూ పరుపులమ్మ అంటారు. వయసు డెబ్బై రెండు. మొన్నమొన్నటిదాకా పరుపులు కుట్టి బతికాను. ఇంట్లో ముగ్గురం: నేను, లిఫ్టులు బాగుచేసే కొడుకు, కోడలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను. బయటివాళ్ళ చేత చదివించుకుంటానని ముందే చెప్పాను.

పొద్దున కొడుకు స్నానానికి వెళ్ళాడు. వాడి ఫోన్ మోగితే నేనెత్తాను. ఎవరో అమ్మాయి. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గర పనిచేస్తుందట. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు తర్వాత ఎలా బతుకుతున్నారో డాక్టరమ్మ ఏళ్ళ తరబడి రీసెర్చ్ చేస్తోందట. ఏటా అడిగే ప్రశ్నలేనట. అడగమన్నాను. క్యాన్సర్ మళ్ళీ వస్తుందేమోనని భయంగా ఉంటుందా అంది. ఎవరికమ్మా అన్నాను. మీకే అంది. నాకెక్కడి క్యాన్సర్ తల్లీ, నాకైంది చీముగడ్డ అన్నాను.

మళ్ళీ చేస్తానంది ఆ పిల్ల. ఫోన్ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

ఐదేళ్ళ కిందట నా ఎడమ రొమ్ము తీసేశారు. గడ్డ ముదిరింది, అందుకే మొత్తం తీశారని కొడుకు చెప్పాడు. నమ్మాను. తర్వాత ఎక్కించిన మందులకు జుట్టంతా ఊడితే, చీము విరిచే మందు అలాగే ఉంటుందన్నాడు. అదీ నమ్మాను. ఎంత వెర్రిదాన్ని!

నీకూ తెలుసు కదే అని కోడల్ని అడిగాను. తల దించుకుంది. తల తర్వాత దించుకుందువుగాని, ముందు ఇది రాయి అన్నాను. రాసింది.

కొడుకు వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తెలిస్తే నువ్వు మంచం దిగేదానివి కాదమ్మా అన్నాడు. నా మంచం, నా ఇష్టం రా అన్నాను. ఏటా వచ్చిన ఫోన్లకు వాడే జవాబిచ్చాడట. మా అమ్మకు భయమేంటండీ, ఆవిడ్ని చూసి మేం భయపడాలి అనేవాడట.

నెల రోజులుగా నాకు నడుం నొప్పి. కూర్చుంటే లేవలేను. పరుపులు కుట్టిన నడుం కదా, అంతేలే అంటున్నాడు వీడు. ఈ మాట కూడా నమ్మాలా?

ఫిబ్రవరి 10

వాడితో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 13

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కొడుకు నాకంటే ముందే గదిలోకి దూరబోయాడు. జబ్బు నీకా నాకా అని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. రాయడానికి కోడలు లోపలికొచ్చింది.

డాక్టరమ్మ బాగా నెరిసిపోయింది. నా కాగితాలు తిరగేసింది. కుటుంబానికి వివరించాం అని ఉందట. కోసింది కుటుంబాన్నా, నన్నా అని అడిగాను.

ఆవిడ దాచలేదు. పడుచువాళ్ళ కంటే పెద్ద వయసు ఆడవాళ్ళకు ఈ జబ్బంటే భయం తక్కువని రీసెర్చ్ పేపరు రాసిందట. పెద్ద పెద్ద మీటింగుల్లో అదే చెప్పిందట. వయసుతో గుండె రాటుదేలుతుంది కాబోలు అనుకుందట. జబ్బేంటో చెబితే కదా భయపడేది అన్నాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తప్పు నాదే అంది.

తప్పుల సంగతి తర్వాత, నా నడుం చూడమన్నాను. చూసింది. స్కాన్ రాసింది. ఏం తేలినా ముందు నాకే చెప్పాలని మాట తీసుకున్నాను.

ఫిబ్రవరి 16

ఆ ఫోన్ పిల్ల మళ్ళీ చేసింది. పెద్దవాళ్ళందరి ఇళ్ళకూ మళ్ళీ ఫోన్లు చేస్తున్నారట. ఈసారి జబ్బు మనిషినే పిలవమంటున్నారట. కొన్ని ఇళ్ళలో తిట్టి పెట్టేశారట. ఒకావిడ మాత్రం, నాకెప్పుడో తెలుసు, చెప్పలేక మా ఆయన నలిగిపోతుంటే చూడలేక తెలియనట్టు ఉన్నాను అందట. డాక్టరమ్మ ఆ పేపరు వెనక్కి తీసుకుంటోందట.

తీసుకోనీ. నాకేం ఒరుగుతుంది?

ఫిబ్రవరి 18

ఉన్నమాట చెప్పాలి. ఈ ఐదేళ్ళూ కంటినిండా నిద్రపోయాను. ఈ తొమ్మిది రోజులుగా కునుకు లేదు. అందుకని కొడుకును మెచ్చుకోవాలా? చచ్చినా మెచ్చుకోను.

ఫిబ్రవరి 21, డాక్టరమ్మ గదిలో

తలుపు వేసి, నా మొహం చూసి చెప్పింది. అదే జబ్బు. ఎముకల్లోకి పాకింది. ఈసారి కోసి తీసేది లేదు. మందులతో ఏడాది దాటితే గొప్పే.

బయట మీవాడికి ఏం చెప్పను అని అడిగింది. నడుం అరిగిందని చెప్పమన్నాను. నేను అబద్ధం చెప్పనంది. అయితే నువ్వు ఊరుకో, ఆ అబద్ధం నేనే చెప్పుకుంటానన్నాను. కోడలు ఏడుస్తోంది. మొహం కడుక్కున్నాకే బయటికి వెళ్దామన్నాను.

పరుపులమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: డాక్టరమ్మ, కోడలు.