తాత మోకాట్లో ఇనుము

నాయనమ్మా, ఈ కార్డు వల్ల మీ సంసారంలో కలహం రేగితే క్షమించమని రెండు చేతులూ జోడించి ముందే వేడుకుంటున్నాను. పటాన్‌చెరులో నా గదిలో తాత క్షేమం.

నిన్న తాత పెన్షన్ పరీక్షలో మిలిటరీ డాక్టరు ఎక్స్‌రేలో మోకాట్లో ఇనుప ముక్క చూసి, "ఇది యుద్ధంలో దిగిన బాంబు ముక్క. మరి రికార్డులో ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డారని ఎందుకుంది?" అన్నాడు.

తాత తల దించుకున్నాడు. "నేనే గట్ల రాయించిన సార్. పెండ్లికి ముందు చర్చిల మూడు ఆదివారాలు ప్రకటన చదవాలె; మాది రెండు చదివిండ్రు, ఇంకొక్కటే మిగిలింది. కాల్ల ఇనుము ఉందంటే సౌభాగ్యమ్మను నాకిస్తరా?" అని నీ పేరే చెప్పాడు.

డాక్టరు పడీపడీ నవ్వి, యుద్ధగాయమని రికార్డు సరిచేయమని రాసిచ్చాడు.

మామిడికాయ తొక్కు పంపు, తాత రోజూ అడుగుతున్నాడు. బీపీ గోళీలు వేసుకుంటున్నావా? బ్యూలా అత్తకు వందనాలు.

నేను నిర్దోషిని. తాత నీళ్లు నములుతుంటే, "చెప్పు తాతా, ఇగ ఆమె యాడికి పోతది?" అని చెవిలో అన్నది మాత్రం నేనే.

నీ మనవడు ఎడ్విన్