చెంపకు తగలని చెయ్యి

అక్కా,

చిన్నప్పుడు నీ జడను కుర్చీకి కట్టేసిన కోతి ఇన్నాళ్లకు ఉత్తరం రాస్తోందని భయపడకు. ఈసారి కవర్లో బొద్దింక లేదు.

నా కొత్త పనేంటని అడిగావుగా. పళ్ల డాక్టర్లను తయారుచేసే కాలేజీలో నేను రోగిని. ఉత్తుత్తి రోగిని! బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని దొర్లేవాణ్ణి, గుర్తుందా? ఇప్పుడదే ఉద్యోగం. కుర్చీలో పడుకుని "అమ్మో, చచ్చాను" అంటాను. సూది చూసి వణుకుతాను. అక్కడ చదివే పిల్లలు నొప్పి ఎలాంటిదో అడగాలి, మాటలతో నా భయం పోగొట్టాలి. వాళ్ల మేడమ్ పక్కన నిలబడి మార్కులు వేస్తుంది. నా మెడలో ఒక ఎర్ర అట్ట ఉండేది. నిజంగా ఏమైనా అయితే అది ఎత్తాలి, వెంటనే ఆట ఆపేస్తారు.

నేను ఊరుకుంటానా? ఒకరోజు కళ్లజోడు పిల్ల ఒకతి నా నోట్లో అద్దం పెట్టింది. అట్ట ఎత్తి, కళ్లు తేలేశాను. పాపం, అద్దం జారవిడిచి బావురుమంది. నేను లేచి "ఎలా ఉంది?" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. మేడమ్ ఆ అట్ట లాగేసుకుంది. "ఇంకోసారి ఇలా చేస్తే మళ్లీ రానక్కర్లేదు" అంది.

ఇప్పుడు అసలు సంగతి. నెలరోజులుగా నాకు నిజంగానే నొప్పి అక్కా. ఎడమ దవడలో కరెంటు కొట్టినట్టు వస్తుంది, పోతుంది. గాలి తగిలినా చాలు. గడ్డం గీసుకోవడం మానేశాను. మొన్న ముద్ద నోట్లో పెట్టుకుని బిగుసుకుపోతే మా ఆవిడ "ఇంట్లో కూడానా వేషాలు?" అంది. క్లాసులో వస్తే మేడమ్ "చూశారా, ఎంత బాగా చేస్తున్నారో" అని పిల్లలకు చూపించింది. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. ఎత్తుదామంటే అట్ట లేదు, ఎంత అరిస్తే అంత మెచ్చుకుంటున్నారు.

అందుకే సోమవారం మా వీధి చివర పళ్లు పీకేవాడి దగ్గరికి వెళ్తున్నాను. రెండు దవడపళ్లు తీయించేస్తాను. నొప్పి ఏ పన్నుదో తెలియడం లేదు, అందుకని రెండు.

నీ కోతి

* * *

అక్కా,

నీ తిట్లు అందాయి. "నీ బుర్రకంటే నీ పళ్లే నయం, వాటిని ఉండనీ" అని రాశావు. ఆ ఉత్తరం అందేలోపే కథ మారిపోయింది.

ఆ సోమవారం రాకముందే, శనివారం పిల్లలకు పరీక్ష. కళ్లజోడు పిల్ల వంతుకి నేనే వచ్చాను. "ఈసారి ఏడిపించకండి అంకుల్" అంది. "చూద్దాంలే" అన్నాను. కుర్చీ వాల్చింది. ఫ్యాను గాలి చెంపకు తగిలింది. అంతే, దవడలో మళ్లీ కరెంటు కొట్టింది.

"మొదలుపెట్టమ్మా, రోగి భయపడుతున్నాడు" అంది మేడమ్.

ఆ పిల్ల అద్దం పక్కన పెట్టేసింది. ఫ్యాను ఆపి, కుర్చీ లేపి, నా ఎదురుగా కూర్చుంది. "మేడమ్, ఈయన నటించడం లేదు."

"నీకెలా తెలుసు? ఒకసారి బోల్తా కొట్టించాడుగా నిన్ను!"

"అందుకే మేడమ్, అప్పట్నుంచి ప్రతి క్లాసులో ఈయన్నే చూస్తున్నా. నటించేటప్పుడు చెంప గట్టిగా పట్టుకుంటారు. ఇవాళ చెయ్యి చెంపదాకా వచ్చి, తగలకుండా ఆగిపోయింది." నా వైపు తిరిగింది. "ఎన్నాళ్లనుంచి అంకుల్?"

ఇంతమందిని ఏడిపించినవాణ్ణి, ఆ ఒక్క మాటకి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మేడమ్ ఎక్స్‌రే తీసి, పళ్లన్నీ తట్టి చూసింది. అవి రాళ్లలా ఉన్నాయట. తేడా అంతా ముఖంలో నరానిదట. నోరంతా బోసి చేయించుకున్నా పోయేది కాదట. నరాల డాక్టరుకి చీటీ రాసిచ్చింది. మాత్రలు మింగుతున్నాను. మా ఆవిడ మాత్రం ఒకటి తీసి వాసన చూసింది, పిప్పరమెంటేమోనని! నాలుగు రోజులుగా నొప్పి రాలేదు. నిన్న గడ్డం గీసుకున్నాను.

ఎర్ర అట్ట మళ్లీ నా మెడలోకి వచ్చింది. ఆ పిల్ల పరీక్ష మాత్రం లెక్కలోకి రాదట. రోగి ఉత్తుత్తివాడు కాదుగా! వచ్చేవారం మళ్లీ పెడతారు. నేనే పడుకుంటానని అడిగి ఒప్పించాను. ఈసారి చెంప రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను అక్కా. దూరం నుంచే ఆ పిల్లకి కనబడాలి, నాకేమీ కాలేదని.

రెండు దవడపళ్లూ భద్రంగా ఉన్న
నీ కోతి