తలుపుల్లేని ర్యాక్

అన్నయ్యకు,

ఫోనులో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు సర్వర్ గదిలో సర్వర్లు అమర్చిన ర్యాక్ తీసేసి, తలుపులున్న క్యాబినెట్ పెడుతున్నారు. అది కొనేటప్పుడు అందరూ తలుపులూ తాళాలూ ఉన్న క్యాబినెట్టే మేలన్నారు. ఆ గది పని చూసే వదినే ఒప్పుకోలేదు. "ఆ తలుపు తెరిస్తే నా చక్రాల కుర్చీకి దారేదండీ? నాలుగు వైపులా చెయ్యి అందేలా తెరిచి ఉన్నదే కొనండి," అని మేనేజరుతో పోట్లాడి మరీ కొనిపించింది.

వదిన పోయాక ఆ గదిలోకి ఎవరు పడితే వాళ్లు వస్తున్నారు. మొన్న ఎవరో తెలియక వైరు లాగేస్తే ఆఫీసంతా ఆగిపోయింది. "ఇంకా తెరిచి ఉంచాల్సిన అవసరం ఏముందమ్మా?" అని మేనేజరు మెల్లగానే అడిగారు. అవసరం లేదని నేనే చెప్పాను, అన్నయ్యా. చెప్పి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

శనివారం పాతది విప్పేస్తారు. వైరు వైరుకీ వదిన చేత్తో రాసి అంటించిన చీటీలున్నాయి. వాటి బదులు అచ్చువేసినవి వస్తాయట. పాతవి ఊడదీసే పని నాకే అప్పగించారు. నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వు రా. నీకు ఇంకా కష్టమని తెలుసు. కానీ ఆ గదిలో వదిన పేరెత్తి ఏడ్చేందుకు నాకు మరో మనిషి లేదు.

నీ చెల్లి