నీలం గళ్ళ లుంగీ

ఏమండీ, అన్నం కుక్కర్లో ఉంది, చేపల పులుసు స్టవ్ మీద ఉంది. తిన్నాక మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, మరిచిపోకండి. రంగత్ వెళ్ళి, ఆ ఊరి స్కూల్లో పిల్లలకి గుడ్డబొమ్మలు కుట్టడం నేర్పి ఎల్లుండి వస్తాను.

మీ నీలం గళ్ళ లుంగీ కోసం బీరువా తలకిందులు చెయ్యకండి. చిరిగిన చోటు వదిలేసి, మిగతాదాంట్లోంచి ఓ ముక్క కత్తిరించి, నేను కుట్టి కిటికీలో నిలబెట్టిన మగబొమ్మకి కట్టాను. అదే, చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ ఎత్తి ఆకాశంలోకి చూస్తున్నవాడు. నిన్న మీరే వాణ్ణి చూసి "ఈ పనీపాటా లేని మనిషెవరే?" అన్నారు. మీరటు వెళ్ళాక పక్కింటి దుర్గ మాత్రం గుమ్మంలోంచే "అరే, యే తో మన మాస్టారే కదా దీదీ!" అని పగలబడి నవ్వింది. లంబాలైన్ ఎయిర్‌పోర్టులో విమానం దిగినప్పుడల్లా గేటు దగ్గర అలా నిలబడేది ఇంకెవరు మరి? రిటైరయ్యాక మీ డ్యూటీ అదే కదా.

అన్నట్టు, ఆ బొమ్మ కావాలని దుర్గ ఒకటే గొడవ. మళ్ళీ అడిగితే ఇవ్వకండి. ఇంట్లో ఇద్దరితో వేగడం కష్టమే గానీ, వాణ్ణి ఇంకొకరింటికి పంపడానికి నాకు మనసొప్పలేదు.